విన్నవాని ధర్మము

దూరదేశమున నున్న జ్ఞాతి మరణించినాడన్న వార్త చెవిని బడినవానికి మైల ఎన్ని దినములని ధర్మశాస్త్రకారులు ప్రశ్నించుకొని చెప్పిన సమాధానము మిక్కిలి సూక్ష్మమైనది. మరణించిన పది దినములలోపల వార్త వచ్చెనేని మిగిలిన దినములు మాత్రమే మైల. పది దినములు గడచిన పిమ్మట వచ్చెనేని మూడు రాత్రులు. సంవత్సరము దాటిన పిమ్మట వచ్చెనేని స్నానమాత్రముననే శుద్ధియని మనుస్మృతి విధించినది. తల్లిదండ్రుల విషయమున మాత్రము తరువాతి నిబంధకారులు ఈ సడలింపు నంగీకరింపక, కుమారుడు ఎంత దూరమున నున్నను, ఎన్నాళ్లకు విన్నను, విన్న దినము మొదలుకొని పది దినములు పూర్తిగా పట్టవలసినదే యనిరి. ఈ విధులను నేడు పాటించువారెందరు, విడిచినవారెందరు అన్న విచారము నాకిక్కడ అక్కరలేదు. వీని వెనుకనున్న భావన నన్ను చిరకాలముగ ఆలోచింపజేయుచున్నది. బంధువు మరణించిన క్షణమున కర్తవ్యము పుట్టదట; ఆ సంగతి చెవిని బడిన క్షణమున పుట్టునట. అనగా, వినుట యనునది శబ్దము చెవికి తగులుటతో ముగియు వ్యాపారము కాదనియు, అది మనుష్యు నొక ఋణములోనికి దింపు ఘటన యనియు మన పూర్వులు తలచిరి. విననివానికి ఏ బాధ్యతయు లేదు. విన్నవాడు లేచి స్నానము చేయవలెను, పనులు మానుకొనవలెను, వెళ్లగలిగిన యెడల వెళ్లవలెను.

పూర్వము ఈ ఋణము మనుష్యుని మీద గుట్టగా వచ్చి పడకుండ దూరము అడ్డుపడుచుండెను. పొరుగూరి నుండి చావుకబురు మోసికొని వచ్చువాడు కాలినడకను రావలెను. ఉత్తరమునకు నాలుగు దినములు పట్టును. తంతి వచ్చినదన్న మాట వీధిలో వినబడగానే, అందులోని అక్షరములు చదువక మునుపే ఇంటి ఆడువారు ఘొల్లుమనుటను చూచినవారు ఇంకను మన నడుమ నున్నారు. 2013 జూలైలో ప్రభుత్వము తంతి సేవను ముగించునప్పటికే ఆ యేడ్పులు వినబడుట మాని చాల కాలమైనది. కబురు తెచ్చినవాడు వాకిట నిలిచి, చెప్పవలసినది చెప్పి, విన్నవారి ముఖము చూచి, వారు కూలబడినచో పట్టుకొని, మంచినీళ్లిచ్చి, ఇరుగుపొరుగును పిలిచి గాని కదలడు. అట్టివాని చోటిని నేడు సెల్ ఫోను ఆక్రమించినది; దాని ప్రసక్తి రాగానే సంజయుని దివ్యదృష్టిని స్మరించి, ఇవియన్నియు మనకు పూర్వమే యుండెనని సంతసించుట యొక అలవాటైనది. ఆ సంతోషములో భారతకథలోని సారము జారిపోవుచున్నదని నాకు తోచును. వ్యాసుడిచ్చిన దృష్టి యుండియు, భీష్ముడు పడిపోయెనన్న వార్తను సంజయుడు రణభూమి నుండి స్వయముగా వచ్చి, అంధుడైన రాజు నెదుట నిలిచి చెప్పెను. ద్రోణుడు పడినపుడును, కర్ణుడు పడినపుడును, శల్యుడు పడినపుడును మరల మరల వచ్చెను. రాజు మూర్ఛిల్లినపుడు అక్కడనే యుండెను. తేరుకొని అడిగిన ప్రశ్నలకెల్ల సమాధానము చెప్పెను. ఇది నీవు చేసికొన్నదేయని నిష్ఠురముగ పలుకుటకును వెనుదీయలేదు. ఆ వార్త వెంట ఒక మనుష్యుడు వచ్చెను. నేటి వార్తకు ఆ తోడు లేదు.

1995 జూలై 31వ తేదీన పశ్చిమ వంగ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి, ఢిల్లీలో నున్న కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాటాడుటతో మన దేశమున సెల్ ఫోను సంభాషణ ఆరంభమైనది. ఆ తొలిదినములలో పిలిచినవాడును, పిలుపు నందుకొన్నవాడును కూడ రుసుము చెల్లింపవలసియుండెను; నిమిషమునకు ఎనిమిది రూపాయలకు పైబడిన ఆ వెల సామాన్యులకు అందునది కాదు. 2003లో అందుకొనువానికి రుసుము తొలగినది. అటుపిమ్మట గూడ చాల సంవత్సరములు, పిలిచి, ఒక్కసారి మ్రోగగానే ఆపివేసి, ఆ మిస్డ్ కాల్ తోడనే 'ఊరు చేరితిని' అనియో, 'బస్సు దిగితిని, సైకిలు తెమ్ము' అనియో మన పల్లెలవారు చెప్పుకొనిరి. 2016 తరువాత డేటా చౌకయై ఆ సంకోచము కూడ పోయినది. ఈ చౌకదనమును నేను నిందింపను. డబ్బున్నవానికి మాత్రమే దక్కిన ఒక సౌఖ్యము కూలివాని యింటికి గూడ చేరుట ధర్మమే. అయితే వెలతో పాటు మితి కూడ తొలగిపోయినది.

నేడొక మధ్యతరగతి గృహస్థుని ఫోనులో చుట్టముల గ్రూపు, కలిసి చదివినవారి గ్రూపు, ఉద్యోగపు గ్రూపు, అపార్టుమెంటు గ్రూపు, ఊరివారి గ్రూపు, గుడి కమిటీ గ్రూపు ఉండును. ఉదయము కాఫీ త్రాగునంతలో ఒకరి షష్టిపూర్తి, ఒకరి గుండె ఆపరేషను, ఒకరి మనుమరాలి ఓణీల వేడుక, ఒకరి మరణము, ఆ మరణవార్త క్రిందనే దానిని చూడనివారెవరో పంపిన సుప్రభాత పుష్పచిత్రము, ఇన్నియు అతని కన్నుల యెదుట నొక్క వరుసలో నిలుచును. శాస్త్రము చెప్పిన అర్థమున అతడు వీనిని 'విన్నాడు'. ప్రతిదానికి అతడు బద్ధుడైనాడు. ఇంతమందికి బద్ధుడగుట యే మనుష్యునికిని శక్యము గాదు గనుక, చేతులు జోడించిన బొమ్మ నొకటి పంపి, 'ఓం శాంతి' అని రెండు పదములు చేర్చి, క్రిందికి జరుగును. ఈ బొమ్మను పంపువారు హృదయము లేనివారని పలుకువారితో నేను ఏకీభవింపలేను. వారిలో ననేకులకు ఆ క్షణమున నిజముగనే గుండె కలుక్కుమనును. కాని ఆ కలుక్కుమనుట కొక ఆకృతి ఏర్పడకముందే తరువాతి వార్త వచ్చి దానిని త్రోసివేయుచున్నది. ఇందలి కీడు ఇంకొక చోటనున్నది. బొమ్మ పంపిన తోడనే ఋణము తీరినదన్న భావము లోలోపల స్థిరపడి, ఆదివారమున వెళ్లదలచినవాడు వెళ్లుట మానుకొనుచున్నాడు. వెళ్లక మిగిలిన ఆ ప్రయాణము అతని మనస్సును బాధింపనైనను బాధింపదు.

ఈ ఋణమును తీర్చుకొనుటకు మన సంఘము కల్పించుకొన్న పద్ధతి పరామర్శ. పరామర్శకు వచ్చినవారిని ఇంటివారు 'రండి' యని ఆహ్వానింపరు. వచ్చినవారు పోవునపుడు 'వెళ్లివత్తు'మని చెప్పరు. మాటలలో నెల్ల మంగళకరములైన ఆ రెండు మాటలను తీసివేసిన పిమ్మట మిగులునది కూర్చుండుట యొక్కటే. చాపమీదనో, అరుగుమీదనో చేరి, చాలసేపు ఏమియు పలుకక, ఎవరైన ఆ పోయినవారి చివరి దినములను గూర్చి చెప్పినపుడు విని, మరల ఊరకుందురు. ఈ ఊరకుండుటలో జరుగు వ్యవహారమును ఏ యంత్రమును మోయలేదు. ఫోనులో నాలుగు క్షణములు మాట ఆగెనేని అవతలివారు ఉలికిపడి 'హలో, వినబడుచున్నదా?' యందురు, లైను తెగినదేమో యని భయపడుదురు. ఆ యంత్రమునకు మౌనమును, తెగిపోవుటయును ఒక్కటే. మఱ్ఱిచెట్టు క్రింద కూర్చుండి వృద్ధులైన శిష్యులకు మౌనముచేతనే తత్త్వము బోధించిన దక్షిణామూర్తిని గురువులకు గురువుగా కొలుచు మతము మనది. అట్టి మనము, మాట యాగిన చోట సంబంధము తెగినదని భయపడు నలవాటునకు లోనగుట చిన్న మార్పు కాదు. దుఃఖితుని యొద్దకు పోవుటకు సంకోచించువారు 'వెళ్లి ఏమి మాటాడవలెను?' అందురు. ఏమియు మాటాడనక్కరలేదన్న సంగతిని ఒకప్పుడు పరామర్శలే పిల్లలకు నేర్పుచుండెను.

మనస్సు ఇన్నిటిని ఏకకాలమున ఏల వహింపజాలదన్న ప్రశ్నకు మన దర్శనములలో చాల లోతైన చర్చ యున్నది. గౌతముని న్యాయసూత్రములు మనస్సునకు చెప్పిన గుర్తే యిది: ఇంద్రియము లైదును తమ తమ విషయములతో కూడియున్నను జ్ఞానములు ఒక్కసారిగా పుట్టవు గనుక, వానిని వంతులవారీగా కలుపునది వేరొకటి యుండవలెను; అది అణువంత సూక్ష్మమైనది, ఒక క్షణమున ఒక్క యింద్రియముతోనే కూడగలదు. దీనికి భాట్ట మీమాంసకులు ఒప్పుకొనలేదు. మనస్సు సర్వవ్యాపి యనిరి. కరకరలాడు పొడవైన పిండివంటను కొరుకువానికి దాని రూపము, వాసన, రుచి, స్పర్శ, శబ్దము అన్నియు ఒక్కమారే తెలియుచున్నవి కదా యన్న ఆక్షేపణ కూడ ఆ వాదములలో ప్రసిద్ధము. దానికి నైయాయికులు, నూరు తామరరేకులను దొంతిగా పేర్చి సూదితో పొడిచినపుడు అన్నియు ఒక్కసారే చిల్లిపడినట్లు తోచినను ఒకదాని వెనుక ఒకటియే పడినవనియు, కొరవిని గిరగిర త్రిప్పినపుడు కనబడు నిప్పుచక్రము నిజమునకు చక్రము కాదనియు బదులు చెప్పిరి. ఈ వివాదమున నైయాయికునిదే సత్యమని నేను విశ్వసించుచున్నాను. భోజనము చేయుచు, భార్య చెప్పు మాట వినుచు, ఎడమచేత ఫోను చూచుచు, మూడింటిని ఏకకాలమున జరుపుచున్నానని తలచువాడు ఆ నిప్పుచక్రమును చూచి చక్రమే యనుకొనుచున్నాడు. మనస్సు ఒక దాని నుండి యొకదానికి పరుగిడుచున్నది. ప్రతి పరుగునందును కొంత పోవుచున్నది. భార్య చెప్పిన వాక్యములో నడిమిమాట ఒకటి అట్లే పోయినది. ఆమెకు తెలియును, అతనికి తెలియదు.

ఎదుట నున్నవారి విషయమిట్లుండగా కఠోపనిషత్తులోని నచికేతుని కథ వేరొక విధముగ వెలుగుచున్నది. ఆ బాలుడు మృత్యువు ఇంటికి అతిథియై వెళ్లెను. యముడు ఇంట లేడు. మూడు రాత్రులు ఆ పిల్లవాడు అన్నము లేక యుండెను. తిరిగివచ్చిన యముడు, సర్వప్రాణుల ప్రాణములను హరించు అధికారము గలవాడు, ఆదరణ లేక తన యింట నున్న అతిథి వలన ఆ గృహస్థుని ఆశలు, పుణ్యములు, సంతానము, పశువులు నన్నియు నశించునన్న హెచ్చరిక విని, బాలునికి నమస్కరించి, రాత్రి కొకటి చొప్పున మూడు వరములు ప్రాయశ్చిత్తముగ నిచ్చెను. ఆ మూడవ వరము నుండియే ఆ యుపనిషత్తులోని ఆత్మవిద్య యంతయు వెలువడినది. యముడు ఊర లేకపోవుట యతని కొక సమాధానము. మన ఇంటికి వచ్చినవారి యెదుట మనము సోఫాలో కూర్చుండియే యుందుము. 'చెప్పండి, వింటున్నాను' అందుము. కన్నులు మాత్రము అరచేతిలోని వెలుతురు మీద నుండును. వచ్చినవారు ఒక వాక్యము మొదలుపెట్టి, నడుమ నాగి, మనము తల యెత్తువరకు వేచి, ఎత్తకపోగా ఆ సంగతి వదలివేసి వాతావరణమును గూర్చి మాటాడి లేచిపోవుదురు. వారు చెప్పదలచుకొన్న సంగతి ఏదో మనకెన్నటికిని తెలియదు. పెండ్లికెదిగిన కూతురి విషయమై ఉండవచ్చును. అప్పు విషయమై ఉండవచ్చును. అతిథి ఆకలిగొని యుండుట యన్నమునకు మాత్రమే సంబంధించినది కాదు.

ఈ యాకలి ఎట్లు తీరునో చూడగోరువారు తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సునకు వెళ్లవలెను. ఆలయములోనికి ఫోను తీసికొనిపోరాదు గనుక భక్తులు దానిని కౌంటరులో డిపాజిట్ చేసి, టోకెను చీటీ జేబులో పెట్టుకొని, కంపార్టుమెంటులలో గంటల తరబడి కూర్చుందురు. మొదట చాలమంది చేతులు ఖాళీ జేబులను తడవుకొనును. కొంతసేపటికి శ్రీకాకుళపు ముసలమ్మ ప్రక్కనున్న అనంతపురపు పడుచును 'మీదే ఊరమ్మా?' యని అడుగును. ఆ పడుచు ఒడిలోని పిల్లవాడు ఎవరి యొడిలోనికో మారును. ఒకరి పులిహోర పొట్లము నలుగురికి పంచబడును. మ్రొక్కు ఎందుకు మ్రొక్కినదియు, ఆ మ్రొక్కు వెనుకనున్న జబ్బో, కోర్టు వ్యవహారమో, సంతానము లేమియో, తమ వీధిలోనివారికి గూడ చెప్పనిది, రేపు మరల కనబడని మనిషికి చెప్పుకొందురు. ఆ వినువారును ఇతర పని లేదు గనుక సంపూర్ణముగ విందురు. దేవస్థానము వారు భద్రత కొరకును, ఆలయ మర్యాద కొరకును విధించిన ఈ నియమము, అనుకొనకయే మనుష్యులకు మనుష్యులను తిరిగి యిచ్చుచున్నది. స్వామి సన్నిధిని కొన్ని క్షణములు నిలుచుటకు ముందు గంటల కొలది పరుల మొరలు వినుట కూడ దర్శనములో భాగమేనని నాకు తోచును; ఆ వినికిడి లేక నేరుగ గర్భాలయపు గడప యెదుటికి చేరువాడు కొంత పోగొట్టుకొనుచున్నాడు.

ఇంతమాత్రమున ఫోనును పారవేయుమని చెప్పువాడు జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల పల్లెల వైపు ఒకమారు చూడవలెను. గల్ఫు దేశములకు పనికి పోయినవాడు మాట వినిపింపవలెనన్న ఒకప్పుడు క్యాసెట్టులో గొంతు నింపి, ఇంటికి తిరిగివచ్చు తోడిపనివానితో పంపుచుండెను; ఆ మాట భార్య చెవికి చేరునాటికి అందులోని జ్వరము తగ్గిపోయి యుండును, లేదా ముదిరి యుండును. నేడు దుబాయి నుండి ఫోనులో, క్యాంపులోని పై పడకమీద పండుకొని, తాను ఊర లేనపుడు పుట్టిన కూతురు నడక నేర్చుటను అతడు చూచుచున్నాడు. తండ్రి పోయినపుడు సెలవు దొరకదు, టిక్కెట్టుకు డబ్బు చాలదు. చితి ప్రక్కన తమ్ముడు ఫోను ఎత్తి పట్టుకొని నిలుచుండగా ఆ కుమారుడు అక్కడ నుండి చూచి యేడ్చును. 2020లో కరోనా వచ్చిన యేట ఈ దృశ్యము గల్ఫు కుటుంబములను దాటి ఎందరి యిండ్లకో వచ్చినది. ఇట్లు చూచుట దహనమునకు హాజరగుట యగునా కాదా యన్నది పండితులు తేల్చవలసిన ప్రశ్న. నా మట్టుకు నేను, మనస్సు పరుగిడక ఒక్క చోట నిలిచినదన్న కారణముచేత, ఆ కుమారుడు శ్మశానములో నుండెననియే చెప్పుదును. అదే చితి ప్రక్కన నిలిచి, తన ఫోనులో క్రికెట్టు స్కోరు చూచుకొన్న చుట్టము అక్కడ లేడు. కనుక దూరమును బట్టి గాని, యంత్రమును బట్టి గాని ఈ ప్రశ్న తేలదు.

మిగిలినది మితిని గూర్చిన ప్రశ్న. విన్న ప్రతిదానికి మనుష్యుడు బద్ధుడా? మొదట, వినబడిన దంతయు వినుట కాదు. మన ఆంధ్రుడే యైన అన్నంభట్టు తర్కసంగ్రహమున, ఆప్తుని వాక్యమునకే శబ్దప్రమాణమన్న పదవి నిచ్చి, ఉన్నది ఉన్నట్లు చెప్పువాడు ఆప్తుడని వివరించెను. ఎవడు చెప్పినదియు తెలియక, చేతులు మారి వచ్చిన ఫార్వర్డునకు ఆప్తుడు లేడు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారన్న వదంతులు ఫోనులలో వ్యాపించి, హైదరాబాదులోను, దేశములో మరి యనేక స్థలములలోను అమాయకులు మూకల చేత చంపబడిరి. ఆ పిమ్మటనే వాట్సాప్ సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒకమారు ఐదు చోట్లకు మించి పంపుట కుదరకుండ నియమించినది. ఆ మూకలలోని వారందరును 'విన్నాము' అనియే చెప్పిరి.

నిజమైన వార్తలలో గూడ అన్నిటి భారమును మోయబూనినచో ఏమగునో బౌద్ధుల కథ యొకటి చెప్పుచున్నది. సర్వలోకముల ఆర్తనాదములను వినుటకు వ్రతము పట్టిన అవలోకితేశ్వరుని శిరస్సు ఆ దుఃఖరాశిని భరింపలేక పగిలిపోగా, అమితాభుడు ఆ ముక్కలనే పదునొకండు శిరస్సులుగ చేసెననియు, పిదప ఆదుకొనబోయిన చేతులును చెదరిపోగా వేయి చేతులు ప్రసాదించెననియు టిబెటు దేశమువారు చెప్పుకొందురు. ఒక్క శిరస్సును, రెండు చేతులును గల గృహస్థునకు ధర్మశాస్త్రము ఏడు తరముల సపిండులనియు, ఆ వెలుపల సమానోదకులనియు వలయములు గీసి, దగ్గరివారికి పది దినములు, దూరమువారికి మూడు, ఆపైవారికి స్నానము అని నిర్ణయించెను. ఈ వలయములలో స్నేహితునికి తగిన చోటు లేకపోవుట, కులమునకు మితిమీరిన చోటుండుట నాకు సమ్మతము గాదు. కాని వలయము గీయవలెనన్న బుద్ధి సరియైనది. ఎవరి మాట సంపూర్ణముగ వినగలమో, ఎవరి యింటికి లేచిపోగలమో, వారిని మనము ఏరుకొనక తప్పదు. అట్లు ఏరుకొనుటకు సిగ్గుపడి అందరికి సమానముగ బొమ్మలు పంపువాడు ఎవరికిని ఏమియు ఈయలేడు.

ఈ పనికి ఫోను శత్రువు కానక్కరలేదు. మరణించినవారికి పదకొండవ దినము, పన్నెండవ దినము గడచిన పిమ్మట, సంవత్సరము పొడవున నెలకొకమారు మాసికము పెట్టవలెనని మన పెద్దలు విధించిరి. పోయినవారి కొరకు విధించిన ఆ క్రమము ఉన్నవారికి గూడ సరిపోవునది. చావు జరిగిన దినమున ఆ యింటి ఫోనులో వందల సందేశములు చేరును; వానిని చదువు స్థితిలో ఆ యిల్లాలు ఉండదు. పదమూడవ దినమున వచ్చినవారందరును వెళ్లిపోవుదురు. మూడవ మాసికము నాటికి గ్రూపులో ఆ పేరును ఎవరును తలవరు. అప్పటికి ఆమెకు పెన్షను కాగితములు, బ్యాంకు ఖాతా, పిల్లల ఫీజులు, సాయంకాలమున ఎవరును రాని వాకిలి మిగిలియుండును. ఆ నాడు ఫోను చేసి, 'ఏమి వండుకొన్నా వక్కా?' అని అడిగి, ఆమె అరగంట చెప్పినది నడుమ నడ్డురాక విని, వచ్చే ఆదివారము కాగితములు తీసికొని నేనే బ్యాంకునకు వత్తునని చెప్పి, ఆ ఆదివారమున వెళ్లువాడు చావుకబురు నిజముగ విన్నవాడు.